బెర్నిస్ చూడని గెలుపులు

వార్బర్టన్ హామర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంత ఊళ్ళో ఆడిన ప్రతి ఆటనూ ముప్పై నాలుగేళ్ళుగా ఒక్కటి కూడా మానకుండా చూసిన మనిషి బెర్నిస్ వాలచెక్. పిత్తాశయం ఆపరేషనైన నాలుగో రోజున పొట్టకు దిండు కట్టుకుని మరీ వెళ్ళింది. కూతురు అక్టోబరులో పెళ్ళి పెట్టుకుంటానంటే, "పెట్టుకో, ఫొటోలు పంపించు" అంది. ఆ పెళ్ళి మే నెలకు మారింది.

అంత ప్రేమేమిటి ఆ జట్టంటే అని ఎవరైనా అడిగితే మూతి విరిచేది.

"ప్రేమా, నా మొహమా. వాళ్ళకు బంతి పట్టుకోవడం రాదు. పట్టుకున్నా ఎటు పరిగెత్తాలో తెలీదు. నా సీటు అక్కడుంది కాబట్టి వెళ్ళి కూర్చుంటున్నాను."

ఆ సీటు 118వ సెక్షన్లో ఇరవై రెండో వరస, ఐదో నంబరు. ఆరోది భర్త క్లెమ్‌ది. వెనక నుంచి సరస్సు గాలి చెవులు కోసేస్తుంటుంది. బెర్నిస్ హైస్కూలు వంటగదిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు మధ్యాహ్నం తిండి వడ్డించి రిటైరైన మనిషి. పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చేవాడి మొహం చూసి, వీడు తింటాడు, వీడు చెత్తబుట్టలో పారేస్తాడు అని ఇట్టే చెప్పేసేది. ఆ చూపుతోనే పదకొండుమంది కోచ్‌లను చూసింది. ప్రతివాడూ మొదటి రోజున కొత్త టై కట్టుకుని వచ్చి, ఈ ఏడుతో జట్టు దశ తిరుగుతుందని చెప్పినవాడే. ప్రతివాడినీ క్రిస్మస్ లోపలో, తర్వాతో మెడపట్టి గెంటారు.

జట్టు వరసగా ఓడిపోతున్న ఏళ్ళలో ఆ ఊరివాళ్ళకు ఒక దిక్కుమాలిన అలవాటుంది. కిరాణాకొట్టు కాగితం సంచికి కళ్ళ దగ్గర రెండు చిల్లులు పెట్టి, తలకు తొడుక్కుని ఆటకు వస్తారు. ఇలాంటి జట్టుకు అభిమానులమని తెలిస్తే పరువు పోతుందట. బెర్నిస్ ఒక్కనాడూ సంచి తొడగలేదు. మొహం చూపించడానికి సిగ్గయితే ఇంట్లో ముసుగుతన్ని పడుకోవచ్చుగా అని సంచీ మొహాలకు వినపడేలా అనేది. వాళ్ళందరిలోకీ ఆమెకు పరమ రోత పుట్టించినవాడు మరిది డ్వేన్. తొమ్మిదేళ్ళ కిందట వాడు ఆ సంచి కూడా పారేసి, పక్క రాష్ట్రం జట్టు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

ఈ ఏడు వచ్చినవాడు పన్నెండో కోచ్. పేరు ఓడెల్ ప్రైస్. రోజుకు ఒక్క శాతం చొప్పున మెరుగవుతామని టీవీలో చెప్పాడు.

"ఒక్క శాతమట. ఆ లెక్కన నా మనవరాలి పెళ్ళినాటికి బంతి పట్టుకోవడం వస్తుంది" అంది బెర్నిస్.

మొదటి రెండు ఆటలూ ఓడిపోయారు. మూడోది సొంత ఊళ్ళో. సగం ఆట అయ్యేసరికి ఇరవై–సున్నా. జట్టు తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కీనన్ రస్క్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రాడు బంతిని దణ్ణం పెట్టి ఇచ్చినట్టుగా అవతలి జట్టువాడి చేతుల్లోకి విసిరాడు. బెర్నిస్ లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న తిండి సంచి చంకన పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు క్లెమ్.

"వ్యానులోకి. ఈ చేతగాని సన్నాసుల కోసం నా నడుము విరగ్గొట్టుకోలేను."

ముప్పై నాలుగేళ్ళలో ఆట ముగియకుండా ఆమె లేవడం అదే మొదలు. ఆమె పార్కింగు స్థలంలో వ్యాను ఎక్కి, రేడియో కూడా పెట్టకుండా, స్టేడియానికి వీపు పెట్టి కూర్చుని సాసేజి రొట్టె తిన్నది. వెనక నుంచి ఒక అరుపు వచ్చింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత ఇంకొకటి వ్యాను అద్దాలను కదిపింది. గంటన్నర గడిచాక క్లెమ్ జనంలోంచి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఏడుస్తున్నాడు.

"ఇరవై నాలుగు–ఇరవై. నువ్వు చూడలేదు బెర్నిస్, నువ్వు చూడలేదు."

"చూడకపోతే కొంపేం మునిగింది. అవతలివాళ్ళు వీళ్ళకంటే దరిద్రులై ఉంటారు" అని మూతికంటిన ఆవపిండి తుడుచుకుంది.

కానీ ఆ మాట అంటున్నప్పుడే, తను లేచి వచ్చాకే కదా గెలిచారు అన్న ఆలోచన ఆమెకు తట్టింది. ఆ సంగతి క్లెమ్‌కు చెప్పలేదు.

తర్వాతి ఆదివారం సీట్లో కూర్చుంది. పదమూడు పాయింట్లు ముందుండి మరీ ఓడిపోయారు. ఐదో ఆట పైఊళ్ళో. అలాంటప్పుడు వాళ్ళు ట్రూడీ బార్‌లో టీవీ ముందు చేరతారు. ట్రూడీ అరవయ్యేళ్ళ మనిషి. బెర్నిస్‌తో కలిసి చదువుకుంది. ఆరోజు బార్‌లో వంటవాడు రాలేదని బెర్నిస్ లోపలికి వెళ్ళి ఉల్లిపాయ చక్రాలు వేయిస్తుంటే, హాల్లో రెండుసార్లు కప్పు ఎగిరిపోయేలా అరుపులు లేచాయి. ఏమైందో చూద్దామని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే రస్క్ చేతిలోంచి బంతి జారి నేలమీద దొర్లింది.

"లోపలికి పో" అంది ట్రూడీ నవ్వుతూ.

ఆమె లోపలికి పోయింది. జట్టు గెలిచింది. అందరూ పకపకా నవ్వుకున్నారు. మళ్ళీ ఆదివారం ఆమె స్టేడియానికి వెళ్ళి తన సీట్లో కూర్చుంటే జట్టు ఓడిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మంగళవారం మధ్యాహ్నం ముగ్గురూ కట్టగట్టుకుని ఆమె వంటింటి బల్ల చుట్టూ చేరారు. ట్రూడీ యాపిల్ పై అనే తీపి రొట్టె చేసి తెచ్చింది. డ్వేన్ కొత్త హామర్స్ టోపీ పెట్టుకుని వచ్చాడు. ఏమీ తెలియనట్టు మొహం పెట్టి కూర్చున్న మూడోవాడు క్లెమ్.

"వదినా, నువ్వు వేరేలా అనుకోకు" అన్నాడు డ్వేన్.

"నిన్ను గురించి వేరేలా అనుకోడానికి కొత్తగా ఏం మిగిలింది? ముందు ఆ టోపీ మీద దుకాణం స్టిక్కరు పీకు."

డ్వేన్ టోపీ తీసి స్టిక్కరును గోటితో గీకుతూ కూర్చున్నాడు. ట్రూడీ గొంతు సవరించుకుంది.

"చూడు బెర్నీ. నువ్వు చూసినవి నాలుగు, నాలుగూ ఓడారు. చూడనివి రెండు, రెండూ గెలిచారు. నేనేం కల్పించి చెప్పట్లేదు కదా."

"అంటే నా కళ్ళు పాడుకళ్ళంటావు."

"కళ్ళని ఎవరన్నారు?"

"మరి ముక్కా? ముక్కు మూసుకుని చూడమంటావా? ముప్పై నాలుగేళ్ళు ఆ బెంచీ మీద నేను కూర్చుంటే, మీరు సంచుల్లో తలకాయలు దాచుకున్నారు. వీడైతే జట్టే మార్చేశాడు. ఇవాళ వచ్చి నాకు చెప్తున్నారా?"

క్లెమ్ ఆ తీపి రొట్టె వంకే చూస్తున్నాడు.

"నువ్వేమంటావు క్లెమ్?"

"ఒక్క వారం చూద్దాం బెర్నిస్. పోయేదేముంది" అన్నాడు అతను గొణుగుతూ.

"నా సీట్లో ఎవరు కూర్చుంటారు?"

డ్వేన్ మరింత శ్రద్ధగా స్టిక్కరు గీకాడు. బెర్నిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తీపి రొట్టె మాత్రం అక్కడ పెట్టి బయటికి నడవండని ముగ్గురికీ తలుపు చూపించింది. అందులో ఒకడు ఆ ఇంటి యజమాని అన్న సంగతి అతను వరండా మెట్లు దిగాక గుర్తొచ్చింది.

ఆదివారం వచ్చింది. క్లెమ్ బూట్లు తొడుక్కుంటుంటే, మోకాలు సలుపుతోంది, నేను రానని చెప్పింది. అతను మోకాలి గురించి ఒక్క ముక్క అడగలేదు. అతని మొహంలో వెలుగు చూసి ఆమెకు అసహ్యం వేసింది. ఇస్త్రీపెట్టె పట్టుకుని నేలమాళిగలోకి దిగి, కర్టెన్లన్నీ ఇస్త్రీ చేసింది. నాలుగున్నరకు వీధిలో కార్ల హారన్లు మోగాయి. గెలిచారన్నమాట. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కర్టెను మీద రెండు చేతులూ ఆనించింది. ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ తర్వాత వరసగా గెలవడం మొదలుపెట్టారు. గెలుస్తున్నకొద్దీ ఊరికి పిచ్చి ముదిరింది. నిన్నటిదాకా సంచుల్లో తలలు దాచుకున్న మొహాలే ఇవాళ నీలం రంగు పూసుకుని ఊరేగాయి. బేకరీవాడు సుత్తి ఆకారంలో బిస్కెట్లు చేశాడు. కొరికితే పన్ను ఊడేలా ఉన్నాయి, పేరుకు తగ్గట్టే ఉన్నాయని బెర్నిస్ వాడి మొహం మీదే చెప్పింది. బంతి ఏ ఆకారంలో ఉంటుందో తెలియని మేయరు, చిన్నప్పటి నుంచీ తనకీ జట్టంటే ప్రాణమని మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. చర్చిలో ఫాదర్ బోలెక్, గంటసేపు సాగదీసే ప్రసంగాన్ని నాలుగు నిమిషాల్లో తేల్చేసి అందరికంటే ముందు కారెక్కాడు. నాలుగు నిమిషాల్లో చెప్పగలిగేది ఇరవై ఏళ్ళుగా గంటసేపు చెప్పాడా ఈ పెద్దమనిషి అని ఆమె పళ్ళు కొరుక్కుంది.

రోజుకు ఒక్క శాతం కోచ్ ఇప్పుడు మహాజ్ఞాని అయిపోయాడు. దణ్ణం పెట్టి బంతి అప్పగించిన రస్క్ పేరు ఊళ్ళో ఇద్దరు పసివాళ్ళకు పెట్టారు. క్లెమ్ ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరు ఎలా పరిగెత్తారో, ఎవరు ఎలా పట్టుకున్నారో ఆమెకు చెప్పబోయేవాడు. అతనికి కథ చెప్పడం చేతకాదు. చివర్నుంచి మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయేవాడు.

"డ్వేన్ ఎలా కూర్చున్నాడు నా సీట్లో?" అని అడిగేది ఆమె.

"బాగానే కూర్చున్నాడు."

"అరుస్తున్నాడా?"

"అరుస్తున్నాడు."

"ఎప్పుడు అరవాలో తెలుసా వాడికి?"

క్లెమ్ నిజం చెప్పేవాడు. "తెలీదు. పక్కవాళ్ళు అరిచాక అరుస్తాడు."

ఆ మాట విన్నరోజు ఆమెకు అన్నం సయించేది.

నవంబరు ముగిసేసరికి ఇంట్లో ఇస్త్రీ చేయాల్సిన గుడ్డ మిగల్లేదు. క్లెమ్ బనియన్లు చేసింది. గిన్నెలు తుడిచే గుడ్డలు చేసింది. ఎవరికీ చెప్పకపోయినా ఊరంతటికీ సంగతి తెలిసింది. మందుల దుకాణంలో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి, "మీ మేలు మర్చిపోమండి" అని చెయ్యి కలిపేవాళ్ళు. ట్రూడీ అయితే బెర్నిస్ ఫొటో ఒకటి పటం కట్టించి, టీవీకి ఎదురుగా, మొహం గోడవైపు తిప్పి తగిలించింది. బార్‌కు వచ్చిన ప్రతివాడూ ఆ అట్టవీపు మీద రెండు వేళ్ళు ఆనించి గాని గ్లాసు ఎత్తడు. ఒక బుధవారం బెర్నిస్ వెళ్ళి చూసింది.

"చదువుకున్న గాడిదలు కూడా చేస్తున్నారా ఈ పని?" అంది.

"కోర్టులో జడ్జి రెండుసార్లు తాకుతాడు" అంది ట్రూడీ.

"మనిషి బతికుండగా మొహం గోడకు తిప్పి వేలాడదీయడమేమిటే, సిగ్గులేని దానా" అంటూనే బెర్నిస్ ఆ పటం కొంచెం వాలి ఉందని సరిచేసింది. ట్రూడీ చూసీ చూడనట్టు గ్లాసు తుడుచుకుంది.

డిసెంబరులో ఒక్కసారి తప్పు జరిగింది. పైఊళ్ళో ఆట సాయంత్రం నాలుగింటికని ఆమె లెక్క. దాన్ని ఒంటిగంటకు మార్చారని క్లెమ్ చెప్పడం మరిచాడు. మాంసం దుకాణానికి వెళ్తే, కత్తిపీట వెనక బల్ల మీద చిన్న టీవీ నడుస్తోంది. ఒక్క క్షణం చూసింది. ఆ ఒక్క క్షణంలో రస్క్ బంతి విసిరాడు. అవతలివాడు దాన్ని అందుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరదాకా పరిగెత్తాడు. మాంసం కొట్టువాడు తల తిప్పి ఆమెను గుర్తుపట్టాడు. నెత్తురు చేతులతోనే టీవీ కట్టేశాడు.

"మీరు ఎందుకొచ్చారండీ ఇక్కడికి" అన్నాడు ఏడుపుగొంతుతో.

"అరకిలో పంది మాంసం కోసం" అంది బెర్నిస్.

ఆరోజు ఓడిపోయారు. ఆదివారాల్లో ఆమెకు మాంసం ఇంటికే పంపుతామని మర్నాడు దుకాణం నుంచి కబురొచ్చింది.

అలా పన్నెండు గెలుపులు, ఐదు ఓటములతో సీజను ముగిసింది. ఐదూ ఆమె చూసినవే. పన్నెండింటిలో ఒక్కటీ ఆమె చూసింది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి నాకౌట్ ఆట వార్బర్టన్‌లో జరగబోతోంది. జనవరి, ఆదివారం, ఒంటిగంట. ఓడితే ఇంటికే.

ఆ గురువారం రాత్రి భోజనం దగ్గర బెర్నిస్ చెప్పింది.

"ఈసారి నేను వస్తాను."

క్లెమ్ చెంచా సూపులో వదిలేశాడు.

"ముప్పై నాలుగేళ్ళు చూశాను క్లెమ్, ఓడిపోవడం తప్ప ఇంకేమీ రాని వెధవల్ని. ఒక్క మంచి గెలుపు నా కళ్ళతో చూడాలి. ఒక్కటి. ఆ తర్వాత మీ ఇష్టం. కావాలంటే నన్ను కూడా గోడకు తగిలించుకోండి."

"చూస్తే గెలవరుగా" అన్నాడు క్లెమ్. వెటకారం లేకుండా, జాలిగా అన్నాడు. అందుకే అది ఆమెకు మరీ గుచ్చుకుంది.

"నువ్వూ నమ్ముతున్నావా ఈ చెత్తంతా?"

"నువ్వు నమ్మట్లేదా?"

నమ్మట్లేదని అనబోయింది. నమ్మకపోతే పది ఆదివారాలు నేలమాళిగలో గిన్నెల గుడ్డలు ఎందుకు ఇస్త్రీ చేసినట్టు? ఆ వెర్రిజనం నెత్తిన పెట్టుకోకముందే, సెప్టెంబరులో వ్యానులో కూర్చుని సాసేజి రొట్టె తింటున్నప్పుడే ఆమె నమ్మింది. ఆ సంగతి బల్లకు అటువైపున్న మనిషికి చెప్పుకోవడానికి ఆమెకు నామోషీ.

"వ్యాను దాకా వస్తాను. మొదటిసారి వ్యానులో కూర్చుంటేనేగా గెలిచారు" అంది చివరికి.

ఆదివారం మంచు పడుతోంది. డ్వేన్ మొహానికి నీలం రంగు పూసుకుని వ్యాను వెనకసీట్లో కూర్చుని వచ్చాడు. దిగేటప్పుడు, "వదినా, తల తిప్పకు సుమా" అన్నాడు. నీ రంగు కడుక్కుంటే లోపల మొహమంటూ ఏదైనా ఉంటుందేమో చూసుకో అంది ఆమె. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఆమె సరస్సు వైపు మొహం పెట్టి కూర్చుంది. సరస్సు కనిపించడం లేదు. ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది. వెనక నుంచి అరుపులు వస్తున్నాయి, పోతున్నాయి. ముప్పై నాలుగేళ్ళ అలవాటు, అరుపును బట్టి మనవాళ్ళు బంతి ఎన్ని గజాలు తోశారో ఆమె చెప్పగలదు. ఇప్పుడు పది గజాలు. ఇప్పుడు బంతి పోయింది. ఇప్పుడు అవతలివాళ్ళు పాయింట్లు కొట్టారు. ఇప్పుడు మనవాళ్ళు.

నాలుగు కావస్తుంటే ఇక కూర్చోలేకపోయింది. వ్యాను దిగి, పాత నీలం కోటు బొత్తాలు పెట్టుకుని, మంచులో గేటు దాకా నడిచింది. అక్కడ ఉన్నది హామ్లిన్. ఇరవై ఏళ్ళుగా 118వ సెక్షన్ గేటు దగ్గర టికెట్లు చూసే ముసలాయన.

"మిసెస్ వాలచెక్, ఎక్కడికి పోయారు ఇన్నాళ్ళూ? మీ సీట్లో ఎవడో మీసాలవాడు కూర్చుంటున్నాడు. నాకు వాడు నచ్చలేదు" అన్నాడు ఆయన. ఊళ్ళో కబుర్లు ఆయన చెవిన పడ్డట్టు లేదు. చెవులు సరిగ్గా వినపడవు.

"నాకూ నచ్చడు. నా దగ్గర టికెట్టు లేదు హామ్లిన్."

"మిమ్మల్ని టికెట్టడిగితే నా నోరు పడిపోతుంది. రండి, రండి. ఇరవై–పంతొమ్మిది, మనమే వెనక. ఎనిమిది సెకన్లుంది. మనవాడు బంతి తన్నబోతున్నాడు. కంబాల మధ్య నుంచి పోతే గెలిచినట్టే."

బెంచీల కిందుగా పోయే సిమెంటు దారిలోకి ఆమె ఆయన వెంట నడిచింది. చివర్న వెలుతురు. ఆ వెలుతురులో నిలబడ్డవాళ్ళ వీపులు. ఇంకో నాలుగడుగులు వేస్తే మైదానమంతా కనిపిస్తుంది. హామ్లిన్ తనూ చూడాలని ఆత్రంగా ముందుకు పోయాడు. ఆమె ఆగిపోయింది.

తను చూడకపోతే వీళ్ళు గెలుస్తారు, మేయరు మళ్ళీ కళ్ళు తుడుచుకుంటాడు, డ్వేన్ తన బెంచీ మీద నిలబడి ఎగురుతాడు. చూస్తే తను చూసినట్టవుతుంది, వీళ్ళు ఓడిపోతారు. కుడికాలు లేచింది. చూడాలని ఎంత కోరిక కలిగిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆ కాలు వెనక్కి పెట్టి, పక్కకు తిరిగి, చల్లటి సిమెంటు గోడకు నుదురు ఆనించి కళ్ళు గట్టిగా మూసుకుంది. గోడ పులిసిన బీరు వాసన కొడుతోంది.

అరుపులన్నీ ఆగిపోయాయి. బూటు బంతిని తన్నిన చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. తర్వాత డెబ్భై వేలమంది ఒక్కసారే మూలిగారు.

ఓడిపోయారు.

ఆమె కళ్ళు తెరిచి గోడను చూసింది. తను చూడలేదు. అయినా ఓడిపోయారు. అంటే తన కళ్ళకూ ఆ పనికిమాలిన బంతికీ ఏనాడూ ఏ సంబంధమూ లేదన్నమాట. ఆ పన్నెండు గెలుపులూ ఆ ఒక్క శాతం కోచ్‌వి, ఆ రస్క్‌వి. తను ఆ పన్నెండింటినీ తన ఐదో నంబరు సీట్లో కూర్చుని హాయిగా చూసి ఉండాల్సింది. ఈ ఊళ్ళో అందరికంటే పెద్ద దద్దమ్మ ఎవరో ఇప్పుడు తెలిసింది.

జనం బయటికి వస్తున్నారు. కొందరి చేతుల్లో అప్పుడే మళ్ళీ కాగితం సంచులు కనిపించాయి, మడతపెట్టి కోటు జేబులో తెచ్చుకున్నారు కాబోలు. వాళ్ళ వెనకే క్లెమ్, డ్వేన్. డ్వేన్ ఆమెను చూసి కొయ్యబారిపోయాడు. రంగు కారి మెడ మీదికి దిగింది.

"నువ్వు ఇక్కడ ఉన్నావా?"

ఆమె నుదుటికంటిన సిమెంటు దుమ్ము తుడుచుకుంది.

"చూశావా? చెప్పు వదినా, చూశావా?"

పక్కన పోతున్నవాళ్ళు ఆగారు. ఆవిడే, ఆ బెర్నిసే అని ఎవరో అన్నారు. ఇంకెవరో బూతుమాట అన్నారు. క్లెమ్ తల అడ్డంగా ఊపుతున్నాడు. లేదని చెప్పమన్నట్టు ఉంది అతని మొహం. లేదని చెప్పడం ఎంతసేపు? అది నిజం కూడా. ఆ నిజం నోట్లోంచి వచ్చిన మరుక్షణం ట్రూడీ ఆ పటం గోడ నుంచి దింపేస్తుంది. ఆ పది ఆదివారాలూ ఒట్టి ఇస్త్రీ అయిపోతాయి.

బెర్నిస్ కోటు కాలరు సరిచేసుకుంది.

"చూశాను. చివరిదాకా చూశాను. అయితే ఏమిటి?"

డ్వేన్ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఊరంతా నీ మూలంగా నాశనమైపోయిందన్నాడు. వచ్చే ఏడు స్టేడియం ఛాయలకు కూడా రావద్దన్నాడు.

"రాను. గెలిచినప్పుడు మాత్రం ఎవరు రాకపోతే గెలిచారో గుర్తుపెట్టుకో" అంది ఆమె.

డ్వేన్ వాళ్ళ వ్యాను ఎక్కనని ఎవరితోనో ట్రూడీ బార్‌కు పోయాడు. క్లెమ్ వ్యాను తోలుతున్నాడు. కార్లన్నీ మంచులో అడుగడుగూ ఆగుతున్నాయి. ఒకచోట ఆగినప్పుడు అతను అడిగాడు.

"ఎటు పోయింది బంతి? నువ్వు చూసినప్పుడు."

ముందున్న కారు ఎర్రదీపాలను చూస్తూ, "ఎడమకు" అంది.

క్లెమ్ వైపర్లు వేశాడు.

"అవును. ఎడమకే" అన్నాడు.

మర్నాడు పొద్దున క్లెమ్ ట్రూడీ బార్‌కు ఒక్కడే వెళ్ళొచ్చాడు. బెర్నిస్ మొత్తం చూసిందని, తను దగ్గరుండి చూశానని అందరికీ చెప్పానన్నాడు. వాళ్ళు నానా మాటలూ అన్నారట. పటం మాత్రం ఎక్కడిదక్కడే ఉందట.

"పేపరేదీ?" అని అడిగింది ఆమె.

"ఇవాళ రాలేదు."

మధ్యాహ్నం బంగాళాదుంపల తొక్కలు పారేద్దామని సింకు కింద చెత్తబుట్ట తీస్తే, అడుగున కాఫీ పిప్పి కింద ఆటల పేజీ కనిపించింది. తడిసిన ఫొటోలో రెండు పసుపు గోలుకంబాలు, వాటి వెనక మంచు. బంతి కుడి కంబానికి బారెడు అవతల గాలిలో ఉంది.

బెర్నిస్ దాని మీద తొక్కలన్నీ కుమ్మరించి, బుట్ట యథాస్థానంలో పెట్టి తలుపు మూసింది. క్లెమ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఖాళీ అయిపోయిన కప్పులోకి చూస్తూ కాఫీ తాగుతున్నట్టు నటిస్తున్నాడు.

"ఆ పేపరువాణ్ణి మార్చాలి. ఒట్టి పనికిమాలినవాడు" అంది ఆమె.

"మారుద్దాం" అన్నాడు క్లెమ్.